సమ్‌ధీ ఇంట బనఫ్షా

మా పెద్దోడి నిస్బత్ పోర్చుగల్ పిల్లతో కుదిరిందనగానే చుట్టాలందరి సవాల్ ఒక్కటే: "వాళ్లు తాగుతారటగా?" తాగడం చిన్నమాట. కాబోయే సమ్‌ధీగారి ఖాన్‌దాన్ మొత్తం షరాబు ద్రాక్ష మీదే బతికింది. పోర్టో నుంచి దోరో నది వెంట రైల్లో రెండు గంటలకు పైగా పోతే పిన్యావ్ అని చిన్న ఊరు. దాని పైన కొండ మీద వాళ్ల తోట. అక్కడ మట్టి తక్కువ, పలకరాయి ఎక్కువ. ఆ రాయినే పగలగొట్టి మెట్లు మెట్లుగా గోడలు కట్టి తీగలు నాటారు. నేను పోయింది సెప్టెంబర్‌లో, కోతల రోజుల్లో. కర్నూలు ఎండలో పుట్టి పెరిగినదాన్ని, నాకే దుపట్టా తడిసిపోయింది.

మనవాళ్లు గోవా నుంచి తెచ్చే తియ్యటి పోర్ట్ వైన్ వేరు, ఇది వేరు. ఈ లోయలో పండిన ద్రాక్షతో, ఇక్కడి కాయిదాల ప్రకారం చేసిందే అసలు పోర్ట్. 1756లోనే ఈ ఇలాఖాకి హద్దులు గీయాలని సర్కారు హుకుం ఇచ్చిందట. ద్రాక్షరసం పులుస్తుండగా, తీపి ఇంకా మిగిలుండగానే, ద్రాక్ష నుంచే తీసిన ఘాటు సారా పోసి పులుపు ఆపేస్తారు. నాలుగు పాళ్ల రసానికి ఇంచుమించు ఒక పాలు. అంటే షరాబులో షరాబు పోసి చేసే షరాబు. తౌబా!

పీపాలు చూపిస్తూ సమ్‌ధీ "అల్ముద్" అన్నారు. పాతికేసి లీటర్ల పాత కొలత. నేను ఆగిపోయాను. ముద్! రంజాన్‌లో ఫిత్రా లెక్కగట్టే కొలత అదే, నాలుగు ముద్‌లు ఒక సా. అరబ్బులు ఆ ముల్కు వదిలి వందల ఏళ్లయింది, వాళ్ల కొలత మాత్రం షరాబు పీపాల దగ్గర నౌకరీ చేస్తూ ఉండిపోయింది.

మామూలుగా పోర్ట్ ఒక్క రకం ద్రాక్షతో చెయ్యరు. పాత తోటల్లో ఒకే వరసలో పది ఇరవై రకాలు కలిసి ఉంటాయి, అన్నీ కలిపే తొక్కుతారు. అందులో టోరీగా నాసియొనాల్ అనే రకానికి ఇజ్జత్ ఎక్కువ, కాపు తక్కువ. చిన్న గుత్తి, చిన్న కాయ, మందం తోలు. గిట్టుబాటు కాక ఒకప్పుడు రైతులు దాన్ని చాలావరకు వదిలేశారు. రామోస్ పింటో కంపెనీలో జొసే రోసస్, జొవావ్ నికొలావ్ ద అల్మైదా కలిసి ఏళ్ల తరబడి ఒక్కో రకాన్నీ విడివిడిగా పరీక్షించి 1981లో ఐదింటిని మేలైనవని చెప్పారు. ఈ టోరీగా వాటిలో ఒకటి. ఆ తర్వాతే రకాలవారీగా మడులు వెయ్యడం ఊపందుకుంది. మా సమ్‌ధీ కూడా ఒక మడి వేశారు.

1994లో బహూ పుట్టింది. ఆ ఏడు ఆ ఒక్క మడి ద్రాక్షే రాతి తొట్టిలో కాళ్లతో తొక్కించి, రెండేళ్లు పీపాలో ఉంచి, సీసాలకెత్తి దాచారు. సీసాకి లేబుల్ లేదు. వింటేజ్ అని రాసుకోవాలంటే అక్కడి ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రుచి చూసి ఇజాజత్ ఇవ్వాలి. ఇది ఇంటి సరుకు, కాగితాల్లేని వింటేజ్. తక్దీర్ బాగుండి 1994 అక్కడ పేరుమోసిన ఏడు.

ముందురోజే సీసా నిలబెట్టారు, మడ్డి అడుక్కి దిగాలని. సీసా మెడ వెనక కొవ్వొత్తి పెట్టి, మడ్డి కదిలి రాకుండా ఇంకో గాజుపాత్రలోకి వంచారు. నాకు మాత్రం ఆ పొద్దున్నే అదే మడి నుంచి పిండిన పచ్చి రసం, పులవనిది. నేను అడగకముందే పెట్టారు. షరాబు ఉన్న దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవడమే తప్పనేవాళ్లు మాలో ఉన్నారు. తెలుసు. కూర్చున్నాను.

రసం తాగాను. ముందు బెల్లమంత తీపి, వెనకే నాలుక పట్టేసే వగరు. అప్పుడు సమ్‌ధీ తన గ్లాసు నా వైపు జరిపి, వాసనైనా చూడమని సైగ చేశారు. అంచుల్లో ఇటికరంగు తిరిగిన ఎరుపు. వంగి పీల్చాను.

బనఫ్షా!

మా నానా హకీమ్. దగ్గొస్తే షర్బతె బనఫ్షా పట్టేవాడు. యాభై ఏళ్లయింది ఆ ఖుష్‌బూ ముక్కుకి తగిలి. దాని వెనక కమలా తొక్క, ఇంకా లోపల ఎండు అంజీర్. పైకే అనేశాను. మావాడు తర్జుమా చేశాడు: "వయొలెట్ పువ్వంటోంది అమ్మీ." సమ్‌ధీ బల్ల చరిచారు. ఈ రకం ద్రాక్షకి అందరూ చెప్పే నిషానీ అదేనట. పది రకాలు కలిపుంటే ఈ గొంతు ఇంత సాఫ్‌గా వినబడేది కాదన్నారు. షరాబ్, షర్బత్ ఒక్క ధాతువులోంచి పుట్టిన మాటలని నానాయే చెప్పాడు. జిందగీలో చుక్క ముట్టకుండా షరాబు మీద అన్ని షేర్లు రాసిన రియాజ్ ఖైరాబాదీ గుర్తొచ్చాడు. ఆయనకి ఈ వాసనైనా దొరికిందో లేదో.

మావాడు గ్లాసు తీసుకున్నాడు. కాడ పట్టుకుని రెండుసార్లు తిప్పాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలవాటైన చెయ్యి. అప్పుడు నా వైపు చూశాడు. నేను బహూ వైపు చూశాను. ఆ పిల్ల నా గ్లాసులోకి ఇంకాస్త రసం వంచింది.

వాడు తాగాడు.

ఇంకా పదకొండు సీసాలున్నాయట. షాదీకి తీద్దామన్నారు సమ్‌ధీ. నిఖా మా ఊళ్లో, అక్కడ కుదరదన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, అయితే వాళ్లింటి దావత్ వచ్చే సెప్టెంబర్‌లోనే పెడదామన్నారు, మీ వైపు మెహమాన్లకి ఆ మడి రసమే పోయొచ్చని. ఒప్పుకున్నాను. చుట్టాలకి ఆ కబురు చెప్పాను. మావాడి సంగతి ఎవరికీ చెప్పలేదు, వాడినీ అడగలేదు. ఫోన్లో అడిగే మాట కాదది.