మా యింటి క్రింది భాగము

రామగుండము స్టేషనులో దిగి గోదావరిఖనికి మా యింటికి వచ్చు బంధువులు మొట్టమొదట అడుగున దొక్కటే: "ఈ నల్లదుమ్ములో ఇల్లెట్లు ఊడ్చుకొందురమ్మా?"

1960 దశకము తొలినాళ్లలో ఇచ్చట బొగ్గుగనులు తెఱచిరి. 1983లో ఎన్టీపీసీ మొదటి యంత్రము నడచెను. ఊరితోపాటు ఇండ్లును పెరిగినవి, ముందొక గది, తరువాత వంటిల్లు, పిమ్మట మేడ. మా యిల్లును అట్టిదే. మేడ వేసినపిదప అందఱము పైకి చేరితిమి. క్రింది భాగము చీకటికొట్టాయెను.

నిరుడు అత్తగారికి మోకాళ్లు పట్టుకొని మెట్లెక్కలేకపోయిరి. క్రింది భాగమును వారికొఱకు బాగుచేయించ నెంచితిమి. నడిమిగోడ తీసివేసి పెద్దగది చేయుదునని మేస్త్రి యనెను. అది తొమ్మిదంగుళముల గోడ. మేడ బరువు దానిపైననే యున్నది. ఇంజనీరొకరు చూచి వలదనిరి. కప్పుక్రింద ఊతలు నిలిపి, ఇనుపదూలము వేయించి, వాకిలిమేర మాత్రమే తెఱపించితిమి. సోదరీమణులారా, గోడ తీయించుటకు ముందు అది మోయుచున్నదేమో చూచుకొనుడు.

అసలు తగవు పెరటికడ వచ్చినది. దుమ్ము రాకుండ దానిపై కప్పు వేయవలెనని మేము. ఆకాశము కానరానిచో మంథనికే పోయెదనని అత్తగారు. వారు పుట్టినది మంథనిలో, నడుమ వాకిలి గల పాతయింట. వారిని వెంటబెట్టుకొని పోయి ఆ యిల్లు చూచితిమి. తాళము వేసియున్నది. అత్తగారు గడపమీద కొంచెముసేపు కూర్చుండి, "పోదము పదండి" అనిరి. దారిలో మఱేమియు మాటాడలేదు.

తిరిగివచ్చి పెరటిలో నాలుగుమూరల మేర కప్పు లేకుండ విడిచితిమి. వీథివైపు కిటికీ మూయించి, గదికిని వంటింటికిని ఇటే కిటికీలు పెట్టించితిమి. స్నానపుగదికి గడప లేదు. పట్టుకొనుటకు గోడకొక కడ్డీ కలదు. క్రొత్త అడ్డుగోడకు బూడిద ఇటుకలు తెచ్చితిమి. విద్యుత్కేంద్రపు బూడిదలో ఇసుక, సిమెంటు కలిపి అచ్చువేసి నీటితో తడిపి ఆరబెట్టుదురు, బట్టీలో కాల్చనక్కరలేదు. జన్మమంతయు ఊడ్చి పాఱవేసిన బూడిదను డబ్బిచ్చి కొంటిరా యని అత్తగారు నవ్విరి!

నేలకు తాండూరు బండలు పఱపించితిమి. చీపురుతో దుమ్ము లేచి మరల అచ్చటనే పడును. రెండుపూటల తడిగుడ్డ పెట్టవలసినదే. శ్రమ పెరిగినమాట నిజము. కిటికీ తలుపులకు మా వారి జీతము చాలలేదు. ఇప్పటికి పాతచీరలు కట్టియున్నవి.

ఉదయము అత్తగారు ఆ వెలుతురులో చేట ముందుంచుకొని కూర్చుందురు. బియ్యముపై నల్లని నలుసు పడును. ఉఫ్ఫని ఊది, మరల ఏరుకొనుచుందురు.