పొరుగున షాహీన్ జంట

షాహీన్ అనే పేరు మా మద్రసా పిల్లలకు కొత్తది కాదు. అల్లామా ఇఖ్బాల్ కవిత్వంలో ఆ పక్షి తరచుగా ఎదురవుతుంది. అయితే అది మాడుగుల ఆకాశంలోనూ ఎగురుతుందంటే వారు మొదట నమ్మలేదు. తెలుగులో బైరిడేగ అనే జాతికి చెందినదే ఇది. శీతకాలంలో ఉత్తరాది చలిదేశాల నుండి వచ్చి వెళ్ళే బైరిడేగలు వేరు. షాహీన్ మన ఉపఖండంలోనే స్థిరంగా నివసిస్తుంది. నల్లని తల, చెక్కిళ్ళపైకి మీసంలా దిగిన చార, ఇటుకరంగు పొట్ట దీని గుర్తులు.

ఈ ఏడాది జనవరి నుండి ఫజ్ర్ నమాజు ముగించుకొని వస్తూ, సెల్‌టవర్ పైన ఒక జంటను గమనిస్తున్నాను. వాటిలో పెద్దది ఆడపక్షి. మగది దానికన్నా దాదాపు మూడోవంతు చిన్నది. మగపక్షి పిట్టను వేటాడి తెచ్చి ఆడపక్షికి అందిస్తుంది, ఒక్కొక్కసారి గాలిలోనే. గుడ్లు పెట్టకముందే మొదలయ్యే పోషణ బాధ్యత ఇది. తరువాత రెండూ కనుమల రాతిగోడ వైపు సాగిపోతాయి. ఈ జాతి పుల్లలతో గూడు కట్టదు. కొండచరియ అంచున చిన్న గుంట చేసుకొని, సాధారణంగా మూడు నాలుగు గుడ్లు పెట్టి, సుమారు నెల రోజులు పొదుగుతుంది. వేటకు పైనుండి దూకినప్పుడు దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది.

ఆ వేగమే మా వీధిలో వివాదానికి కారణమైంది. పావురాలను ప్రేమతో పెంచుకొనే ఒక పెద్దాయన పది రోజుల్లో మూడింటిని పోగొట్టుకున్నారు. "మౌల్వీ సాబ్, గద్దను చంపవచ్చని హదీసులో ఉంది కదా! ఒక పావురానికి విషం పూసి వదిలితే తప్పేమిటి?" అని అడిగారు.

ఆయన నష్టం నిజమైనది. ప్రశ్న కూడా తేలికైనది కాదు. హాని చేసే ప్రాణులను పేర్కొన్న హదీసులో గద్ద ఉన్న మాట వాస్తవమే. కానీ ఆ పేరును ప్రతి వేటపక్షికీ అంటగట్టలేము. డేగ వంటి వేటపక్షులకు శిక్షణనిచ్చి వేటాడే అనుమతికి దివ్య ఖుర్ఆన్‌లోని మాయిదా సూరాయే ఆధారం. పైగా, ఒక హానిని మరో హానితో తొలగించరాదన్నది ధర్మశాస్త్రవేత్తల సూత్రం. విషం పూసిన పావురం డేగకే దక్కుతుందన్న హామీ ఏది? పిల్లి తినవచ్చు, కుక్క తినవచ్చు, పసివాడి చేతికి చిక్కవచ్చు. దేశచట్టం దృష్టిలోనూ అది నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పక్షికి అత్యున్నత రక్షణ కల్పించింది.

విషం ఎంత దూరం పోగలదో ఈ జాతి చరిత్రే చెబుతుంది. గత శతాబ్దంలో పొలాలపై చల్లిన డీడీటీ పురుగుల నుండి పిట్టలకు, పిట్టల నుండి బైరిడేగలకు చేరింది. గుడ్ల పెంకులు పలుచబడి, పొదిగే తల్లి బరువుకే పగిలిపోయాయి. అమెరికా తూర్పు ప్రాంతంలో 1960ల నాటికి గూళ్ళే మిగలలేదు. 1972లో అక్కడ డీడీటీని నిషేధించి, పెంచిన పిల్లలను వదిలిన తరువాత ఆ జాతి కోలుకుంది. నేడు న్యూయార్క్ ఆకాశహర్మ్యాలపైనా గూళ్ళున్నాయి.

ఇక మా పిల్లలు కొండెక్కి గుడ్లు చూస్తామన్నారు. ప్రయాణంలో సహచరులు కొందరు పక్షి పిల్లలను పట్టుకొస్తే, తల్లి తల్లడిల్లడం చూసి వాటిని తిరిగి ఇచ్చేయమన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని వారికి వినిపించాను. మనుషుల అలికిడికి బెదిరి తల్లి లేచిపోతే గుడ్లు చల్లబడతాయని కూడా వివరించాను. కింది నుండి చూడటానికి వారు అంగీకరించారు.

పెద్దాయన గూటికి వల బిగించి, పావురాలను ఎక్కువసేపు లోపలే ఉంచుతున్నారు. డేగపై ఆయన కోపం పూర్తిగా తగ్గలేదు. అయినా మొన్న మసీదు మెట్ల మీద నన్ను ఆపి, "వారం నుండి టవర్ మీద ఒక్కటే కనిపిస్తోంది. రెండోదానికి ఏమైంది మౌల్వీ సాబ్?" అని అడిగారు.

"ఆడది పొదుగుతున్నట్టుంది" అన్నాను.

ఆయన కొండ వైపు ఒకసారి చూసి, "అయితే ఇప్పుడు వాడే ఇద్దరికీ తేవాలి" అన్నారు.