చాచా పక్కన చోటు

మగ్గం ముందు వేసిన బల్ల మీద ముగ్గురు కూర్చోవచ్చు. నేను వెళ్ళేసరికి ఒక్కరే ఉన్నారు. అరవై దాటిన మనిషి, అందరూ చాచా అని పిలుస్తారు. రెండు పడుగు పోగులను వేళ్ళతో ముందుకు లాగి, ఎర్ర ఊలు పోగును వాటికి చుట్టి, కిందికి గుంజి, కత్తితో తెంపుతున్నారు. ఇన్ని పనులూ కలిసి ఒక్క చిన్న చప్పుడుగా వినబడుతున్నాయి. ముడులు లెక్కపెడదామని మొదలుపెట్టాను. ముప్పై దాకా వచ్చాక ఆయన చేతి వేగం నా కంటికి అందలేదు.

పొద్దున్నే తాడేపల్లిగూడెంలో రైలెక్కి, ఏలూరులో దిగి, ఆటోలో తమ్మిలేరు దాటి తంగెళ్ళమూడి వచ్చాను. "తివాచీలా? ఇంకా నేస్తున్నారా అండీ?" అని ఆటో అబ్బాయి అడిగాడు. ఏలూరులో పుట్టి పెరిగిన కుర్రాడి నోటి నుంచి ఆ ప్రశ్న రావడం నాకు బాధ కలిగించింది. ఈ ఊరి పేరు దూరదేశాలకు మోసుకెళ్ళిన సరుకు అది. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళు ముస్లిం పాలకుల కాలంలో ఇక్కడ స్థిరపడ్డారని చెబుతారు. సరుకు ఓడెక్కడానికి బందరు రేవు దగ్గర్లోనే ఉండేది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఏలూరు తివాచీలు ఉన్నాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు తిరక్కుండానే, 1880లో, జార్జ్ బర్డ్‌వుడ్ భారతీయ కళల మీద రాసిన పుస్తకంలో బందరు తివాచీల పతనం గురించి వాపోయాడు. ఇంగ్లండు వర్తకులు చవగ్గా కావాలని పట్టుబట్టి ఆ పనితనాన్ని పాడుచేశారని ఆయన ఫిర్యాదు. జైళ్ళలో ఖైదీలతో నేయించిన తివాచీల పోటీ దానికి తోడైందని కూడా అన్నాడు. ధర తెగ్గోస్తే ముందు పోయేది రంగు కాదు, నేర్పే ఓపిక. ఆ సంగతి ఈ మగ్గం దగ్గర కూర్చున్నాక నాకు బాగా అర్థమైంది.

ఈ కార్ఖానా యజమానికి నలభై ఏళ్ళుంటాయి. తాతల నాటి పని. మగ్గాలు నాలుగు, నేసేవాళ్ళు ఏడుగురు. ఆర్డర్లు లేవని ఆయన బెంగ కాదు, ఉన్న ఆర్డరు గడువులోపల దించలేకపోతున్నామని. ఏడుగురిని పన్నెండు మందిని చేయాలి. రెండేళ్ళుగా ఆయన చేస్తున్న ప్రయత్నమంతా దానికోసమే.

నా పుస్తకంలో ఒక లెక్క వేసి చూపించారు. ఆరడుగులకు తొమ్మిదడుగుల తివాచీ. చదరపు అంగుళానికి 36 ముడులు అనుకుంటే చదరపు అడుగుకు 5,184. మొత్తం 2,79,936 ముడులు. చెయ్యి తిరిగిన నేతగాడు రోజుకు ఎనిమిది వేలు కట్టినా ఒక్కడికే 35 రోజులు. పక్కన ఇంకొకరు కూర్చుంటే సగం రోజుల్లో దిగాలి. కానీ ఆ పక్కన కూర్చున్నది కొత్త మనిషయితే సగం కాదు, అసలు మొదటి రెండు నెలలు ఉన్న పనే వెనక్కి నడుస్తుంది. ఎందుకంటే పాత మనిషి చేతులు ఆగుతాయి.

ఇక్కడే చిక్కుముడి. ఈ పనిలో కూలి చదరపు అడుగుకు ఇంత అని కడతారు. చాచా ఒక గంట నేర్పితే ఆ గంటలో ఆయన కట్టాల్సిన ముడులు పోతాయి, అంటే ఆయన ఇంటికి పట్టుకెళ్ళే డబ్బు పోతుంది. నేర్పినందుకు శిక్ష వేసే పద్ధతి అది. రెండేళ్ళ కిందట నలుగురు కుర్రాళ్ళను ఒకేసారి చేర్చుకుని నాలుగు మగ్గాల దగ్గర కూర్చోబెట్టారట. మూడు నెలల్లో నలుగురూ వెళ్ళిపోయారు. "కుర్రాళ్ళకు ఓపిక లేదని నేనూ అందరిలాగే అన్నాను సార్. తర్వాత చాచాను కూర్చోబెట్టి అడిగితే చెప్పారు, 'నేను వాళ్ళకు నేర్పలేదు బేటా, నేర్పితే నా ఇల్లు గడవదు' అని." ఆ మాట నాకు చెబుతున్నప్పుడు కూడా ఆయన గొంతు మారింది.

నాకు నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. ఒక చిన్న అచ్చాఫీసు. అక్షరాలు పేర్చే పెద్దాయన తన కేసు దగ్గరికి నన్ను రానిచ్చేవాడు కాదు. గర్విష్ఠి అనుకుని చాలా ఏళ్ళు ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. పేజీకి ఇంత అని కూలి తీసుకునే మనిషి ఆయన. ఆ సంగతి అప్పుడు తెలిసినా అర్థం చేసుకోలేదు.

ఈసారి యజమాని తలల లెక్క పక్కనపెట్టి పద్ధతి మార్చారు. కొత్తవారు పక్కనున్న రోజుల్లో చాచాకు అడుగు లెక్క కాదు, రోజు కూలి. ఎంత నేసినా, నేయకపోయినా అదే. అందులో నేర్పినందుకు కొంత విడిగా కలుపుతారు. కొత్తవాళ్ళకు మొదటి వారం నుంచే శనివారం శనివారం డబ్బు. ఇదివరకు తివాచీ మగ్గం మీంచి దిగితే గానీ లెక్క తేలేది కాదు. మగ్గం వదిలి కొల్లేరు వైపు చేపల షెడ్లకు వెళ్ళినవాళ్ళకు సాయంత్రానికి చేతిలో డబ్బు పడుతుంది. ఐసు కొట్టడం, చేపలు పెట్టెల్లో సర్దడం, లారీ కలకత్తా దారి పట్టేలోగా బరువులెత్తడం ఒళ్ళు హూనమయ్యే పనే. కానీ ఇంట్లో బియ్యం నిండుకున్నవాడు నెలాఖరు దాకా ఆగలేడు. అటు వెళ్ళిన వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదనిపించింది.

"మీరెన్నో ఏట మొదలుపెట్టారు?" అని చాచాను అడిగాను. ముడి ఆపకుండానే "ఎనిమిదో ఏట" అన్నారు. నాన్న పక్కన, ఇదే బల్ల లాంటి బల్ల మీద. కూలి ఎంత అంటే నవ్వారు. కూలేమిటి, అన్నం పెట్టేవారు కదా అన్నారు.

తివాచీ నేతకు పిల్లల సన్నటి వేళ్ళే కావాలని ఒక మాట దేశమంతా ప్రచారంలో ఉండేది. అది అబద్ధం. 1986 నాటి బాలకార్మిక చట్టం తివాచీ నేతలో పిల్లల్ని పెట్టుకోవడాన్ని నిషేధించింది. 2016 సవరణతో పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు, ఇంటివాళ్ళకు బడి వేళల బయట సాయపడటం వంటివి తప్ప. ఆ చట్టం వచ్చాకే పని చచ్చిపోయిందనే వాళ్ళను నేను చాలామందిని చూశాను. నేను ఒప్పుకోను. పోయింది సన్నటి వేళ్ళు కాదు, జీతం లేకుండా జరిగిపోయిన చదువు. ఆ శిక్షణ ఖర్చును ఒకప్పుడు పిల్లలు తమ బాల్యంతో కట్టారు. ఇవాళ పాతికేళ్ళ మనిషికి నేర్పాలంటే ఆ ఖర్చును ఎవరో ఒకరు డబ్బుతో కట్టాలి.

ఎవరు కట్టాలి? 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భత్యం ఉంది, పనిముట్లకు 15,000 ఉంది. అందులోని 18 వృత్తుల జాబితా నేను చదివాను. చేపల వలలు అల్లేవాళ్ళు ఉన్నారు, బుట్టలూ చాపలూ అల్లేవాళ్ళు ఉన్నారు. తివాచీ నేతగాళ్ళు లేరు. ఉండాలి. ఉన్నా, ఐదారు రోజులో రెండు మూడు వారాలో సాగే శిక్షణ ఈ పనికి చాలదు. ముడి కట్టడం పావుగంటలో వస్తుంది, బిగువు కుదరడానికి నెలలు పడుతుంది. బిగువు కుదరకపోతే తివాచీ అంచులు వంకరపోతాయి.

ఈసారి చేరిన కొత్తవాళ్ళు ముగ్గురూ ఆడవాళ్ళే. పిల్లలు బడికి వెళ్ళాక పదింటికి వచ్చి నాలుగింటికి వెళ్ళిపోతారు. ముందు పువ్వులు లేని ఒక్క రంగు భాగం ఇస్తారు. అందులో ఒకామె రెండేళ్ళు చేపల షెడ్డులో పనిచేసిందట. "అక్కడ చేతులు ఐసులో మొద్దుబారిపోయేవండి. ఇక్కడ నడుం నొప్పి. కానీ ఇది నాకు వచ్చింది అని చెప్పుకోవచ్చు" అంది.

యజమానికి ఇంకో భయం ఉంది. ముగ్గురూ నిలబడితే మొత్తం పది మంది. పది దాటితే ఈఎస్ఐ బీమా కట్టాలని ఎవరో చెప్పారట. పది దాటడం కాదు, పదో మనిషితోనే వస్తుందని చెప్పాను. కాగితం మీద వేసుకున్నాం. పదివేల జీతానికి యజమాని వాటా 3.25 శాతం, అంటే 325 రూపాయలు. పనివారి వాటా 75. దానికి వాళ్ళ ఇంటిల్లిపాదికీ వైద్యం, కానుపుకు 26 వారాల జీతంతో సెలవు. తొమ్మిది మంది దగ్గరే ఆగిపోయి పదో మనిషి పేరు పుస్తకంలో రాయని కార్ఖానాలు నేను చూశాను. ఆ పదో మనిషి ఎప్పుడూ ఆడమనిషే. కానుపుకు వెళ్ళి తిరిగి రాదు, ఆమెతో పాటు నేర్పిన ఏడాదీ పోతుంది. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

మధ్యాహ్నం చాచా లేచి మగ్గం వెనక్కి వెళ్ళారు. తివాచీలో తప్పు ముందువైపు దాక్కుంటుంది, వెనకవైపు దొరుకుతుంది. వేలితో తడిమి ఒకచోట ఆగారు. ఆరు వరసల కింద ముడులు ఒక పోగు పక్కకు జరిగాయి. పక్కన కూర్చున్న కొత్తామె మొహం పాలిపోయింది. "ఉండనీ చాచా, ఎవరికీ కనబడదు" అంది.

"నాకు కనబడింది కదమ్మా" అన్నారు.

ఆ ఆరు వరసలూ విప్పారు. పేక లాగడం ఆయన, ముడులు పీకడం ఆమె. పొద్దుటి నుంచి చేసిన పనంతా ఎర్రటి ఊలు తుంపులై బల్ల కింద పడింది. పాత లెక్కయితే ఆ రోజు ఇద్దరికీ చేతిలో ఏమీ మిగలదు. యజమాని గుమ్మంలో నిలబడి చూస్తూ ఒక్క మాట అనలేదు. నాలుగైంది. ఆమె చీర దులుపుకుని పిల్లల కోసం పరుగెత్తింది.

యజమాని పుస్తకం తీసి ఆమె పేరు ఎదురుగా రోజు కూలి రాశారు. చాచా పేరు ఎదురుగా రోజు కూలి రాసి, కింద ఇంకో అంకె వేసి, పక్కన "నేర్పినందుకు" అని రాశారు. చాచా ఆ పుస్తకం వైపు చూడలేదు. కత్తికి పదును పెడుతూ, "రేపు ఆ అమ్మాయిని కొంచెం ముందుగా రమ్మను బేటా. పువ్వు మొదలుపెడదాం" అన్నారు.