జనవరి 1 దగ్గర ఆగిపోయిన కంప్యూటర్

 

మా హాస్టల్లో ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్ ఒకటుంది. అందులో ఉబుంటు లైనక్స్. స్కాలర్‌షిప్ దరఖాస్తుకి తెల్లారితే ఆఖరి రోజు. ఫోన్లో ఫైళ్లు అప్‌లోడ్ కాక, రాత్రి నలుగురం దాని ముందు కూర్చున్నాం. సైటు తెరుచుకోలేదు. ఎర్ర గుర్తు, కింద ఇంగ్లీషులో నాలుగు లైన్లు. నెట్ పోయిందనుకున్నాం. చివరికి మేమే ఏదో నొక్కి పాడుచేశాం అనుకున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, ఫోన్ చేసి అడగడానికి ఎవరున్నారు?

అరగంట తర్వాత మాలో ఒకడు ఆ లైన్లు కూడబలుక్కుని చదివాడు. కంప్యూటర్ గడియారం వెనకబడిందని అందులో రాసే ఉంది! పైన చూస్తే 2012 జనవరి 1. అందరికీ నవ్వొచ్చింది. మాలో ఇద్దరి పుట్టినరోజు రికార్డుల్లో జనవరి 1. బడిలో చేర్చేటప్పుడు అమ్మకి తేదీ తెలీదంటే సార్ అలా రాసేశారు. తేదీ తెలీకపోతే కంప్యూటర్ కూడా అదే పని చేసింది.

మన ఆదాయం సర్టిఫికెట్‌కి తేదీలున్నట్టే ప్రతి సైటుకీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది. 2012లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కి అది ఇంకా పుట్టనే లేదు. అందుకే నమ్మలేదు.

సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌కి వెళ్లి, ఆటోమేటిక్ ఆన్ చేసి, టైమ్ జోన్ కోల్‌కతా పెట్టాం. మన దేశమంతటికీ అదే టైమ్. నిమిషంలో సరైన తేదీ వచ్చింది, సైటు తెరుచుకుంది. పదకొండున్నరకి నలుగురి దరఖాస్తులూ వెళ్లిపోయాయి.

పొద్దున కరెంటు పోయి వచ్చేసరికి మళ్లీ 2012! అసలు రోగం లోపలి బ్యాటరీది. కంప్యూటర్ ఆపి ఉన్నా గడియారం నడిపేది అదే. రూపాయి బిళ్లలా ఉంటుంది, పేరు సిఆర్ 2032, 3 వోల్టులు. ప్లగ్ పీకేసి, పాతది ఎలా ఉందో చూసుకుని కొత్తది అలాగే పెట్టాం. మళ్లీ ఒకసారి టైమ్ సరిచేశాం, అంతే.

ఒకటి గుర్తుంచుకోండి. విండోస్, లైనక్స్ రెండూ ఉన్న కంప్యూటర్లో సరిగ్గా 5 గంటల 30 నిమిషాల తేడా వస్తే బ్యాటరీ తప్పు కాదు. విండోస్ మన టైమ్ దాస్తుంది, లైనక్స్ దాన్ని గ్రీన్విచ్ టైమ్ అనుకుంటుంది.

ఆ రాత్రి అరగంట పోయింది గడియారం వల్ల కాదు, భయంతో చదవకపోవడం వల్ల. ఎర్ర గుర్తు కనిపిస్తే మనల్ని మనం తిట్టుకోకుండా, ముందు అదేం చెప్తోందో చదువుదాం.