ఏ గడిలో రాయాలి పేరు?

వేటపాలెంలో మా ఇంటినుంచి సారస్వత నికేతనానికి నడిచి వెళ్ళే దూరమే. 1918లో పుట్టిన గ్రంథాలయం అది. పాత పత్రికల రుచి నాకు అక్కడే తగిలింది. పరిశోధన కోసం అక్కడా ఇంకా ఎక్కడెక్కడో స్త్రీల పత్రికలు తిరగేసి, రచయిత్రుల పేర్లు నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నాను. థీసిస్ అయిపోయింది, నోటుపుస్తకాలు మిగిలాయి. వాటితో చిన్న వెబ్‌సైట్ చేద్దామనిపించింది. పేరు నొక్కితే రచనల జాబితా రావాలి, అంతే.

అక్క కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. "పిన్నీ, 'గో' నేర్చుకో. నడవకముందే తప్పులు చెప్తుంది" అంది. 2009లో గూగుల్ బయటపెట్టిన భాష. మనం రాసిందంతా కంపైలర్ ముందే చదువుతుంది. పొందిక కుదిరితేనే యంత్రభాషలోకి మార్చి ఒకే ఒక్క ఫైలు చేతిలో పెడుతుంది. ఈ కంపైలర్ అన్న మాటని 1952లో వాడుకలోకి తెచ్చినావిడ గ్రేస్ హాపర్. ముందే రాసిపెట్టుకున్న చిన్న ప్రోగ్రాముల లైబ్రరీ నుంచి కావలసినవి తీసి కూర్చేది కనక ఆ పేరట. లైబ్రరీలో పెరిగిన నాకు అది నచ్చకుండా ఎలా ఉంటుంది?

మొదటి గడికి 'పేరు' అని తెలుగులోనే పెట్టబోయాను. ఒప్పుకోలేదు. 'ప' అక్షరమేగానీ దానిమీది ఏత్వం అక్షరం కాదట! కొటేషన్ గుర్తుల మధ్య ఎంత తెలుగైనా రాసుకోవచ్చు, గడుల పేర్లకి మాత్రం గుణింతం పనికిరాదు. సరే, ఇంగ్లీషులోనే పెట్టాను.

గడి పెట్టినప్పుడే అందులో పట్టేదేమిటో చెప్పాలి. ఒక రచయిత్రికి ఒక పేరు అని రాశాను. పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాక బాపట్ల ఆవిడ దగ్గర ఆగిపోయాను. పుట్టింటివారు పాలపర్తివారు, అత్తింటివారు కనుపర్తివారు. 'గృహలక్ష్మి'లో శారద పేరుతో లేఖలు రాసింది, ఆంధ్రపత్రికలో లీలావతి పేరుతో రాసింది. నా పట్టికలో కనుపర్తి వరలక్ష్మమ్మ ముగ్గురు ఆడవాళ్ళయిపోయింది. భండారు అచ్చమాంబని కొమర్రాజువారి ఆడపడుచుగా వెతికేవాళ్ళకి ఆవిడ అసలు దొరకనే దొరకదు.

"మరి నన్నేమని రాస్తావే?" అంది అమ్మ, కండెలు చుట్టడం ఆపకుండా. ఇన్నేళ్ళూ మా మగ్గానికి నూలంతా చుట్టింది తనే. సంఘం పుస్తకంలో ఉన్నది నాన్న పేరు.

ఒక్క పేరన్నచోట పేర్ల వరుస అని మార్చి మళ్ళీ కంపైల్ చేశాను. పది తప్పులు చూపించి, 'తప్పులు మరీ ఎక్కువ' అని ఆపేసింది. రెండు పేర్లు పోల్చినచోట, అకారాది క్రమంలో పేర్చినచోట, వెతికినచోట, అన్నిచోట్లా ఆడదానికి ఒకటే పేరుంటుందని అనుకుంటూ పోయాను. పన్నెండేళ్ళు స్త్రీవాద సాహిత్యం చదివి! కోపం రాలేదు, సిగ్గేసింది. ఒక్కొక్క పంక్తీ దిద్దుకుంటూ కూచున్నాను.

కంపైలర్ని మరీ మెచ్చుకోకూడదు కూడా. పేజీ ఎలా కనపడాలో రాసుకున్న నమూనా జోలికి అది పోదు. అక్కడ దిద్దడం మరిచిపోతే వరలక్ష్మమ్మ పేర్లన్నీ చదరపు బ్రాకెట్ల మధ్య ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని కనపడ్డాయి.

చివరికి ఏ తప్పూ చూపకుండా కంపైల్ అయింది. నడపబోతే సైటు లేవలేదు. వెతగ్గా వెతగ్గా తేలింది: పేరే పెట్టకుండా రాసినవాళ్ళు. వాళ్ళ వరుస ఖాళీ. ఖాళీ వరుసలో మొదటి పేరు ఇమ్మని అడుగుతున్నాను నేను. వరుస ఉంటే చాలు కంపైలర్‌కి, అందులో ఎవరన్నా ఉన్నారా లేదా అన్నది దానికి పట్టదు.

వాళ్ళని తీసేస్తే సైటు వెంటనే నడిచేది. తియ్యలేదు. మొదటి అక్షరం లేనివాళ్ళని ఎక్కడ పెట్టాలి? ప్రస్తుతానికి 'అ' కంటే ముందు పెట్టాను, రచన పేరుతో, సంచిక నెలతో.