ఇంటిపనిలో ఉన్న తెలుగు



మన నాందేడు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, పిమ్మట బొంబాయి రాష్ట్రంలోను, 1960 మే 1 నుండి మహారాష్ట్రలోను భాగమైన సంగతి మీరెరిగినదే. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు ప్రాంతాల ఇళ్ళలో తెలుగు నేటికీ వినబడుతున్నది. అయితే బడిలోను, బజారులోను మరాఠీయే. ఇక తెలుగుకు మిగిలినది ఇల్లు. అందులోను వంటగది, పెరడు.

ఇంటిపనులకు మనకు ఎన్ని క్రియలున్నవో గమనించండి. చేతులు కడుగుతాము, గిన్నెలు తోముతాము, బట్టలు ఉతికి, జాడించి, పిండి, ఆరవేస్తాము. బియ్యం చెరిగి, రాళ్ళు ఏరి, కడిగి ఎసట్లో పోస్తాము. మరాఠీలో చేతులకూ బట్టలకూ ‘ధుణే’ అంటే చాలును. కనుకనే మన పిల్లలు “బట్టలు కడిగినాను” అని వ్రాస్తున్నారు. (మరాఠీని తక్కువ చేయుట లేదు, చెరుగుటకు వారికీ ‘పాఖడణే’ అనే చక్కని మాట ఉన్నది.) చాట పట్టి ఎరుగని పిల్లవానికి ‘చెరుగు’ను నల్లబల్ల మీద ఎట్లా నేర్పగలము?

తరగతిలో ఈ మాటలు అడిగితే బాలికలు చెబుతారు, బాలురు తెల్లముఖం వేస్తారు. ఇది బాలికల భాషాసంపద అని మురిసిపోవచ్చును. కాని ఏడవ తరగతి బాలిక ఒకతె ఈ క్రియలన్నీ తడుముకోకుండా చెప్పినది. ఆమె నోటుపుస్తకం మాత్రం వారంలో మూడు రోజులు ఖాళీ. తల్లిని అడిగితే “ఆడపిల్ల గద సారూ, పని నేర్వాలె” అన్నది. ఆ ఇంటిలోనే తొమ్మిది చదివే అన్న ట్యూషనుకు పోతాడు. తిన్న కంచం తీయడు.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్ళు నిండినవారిలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఆ పనికి చేయి కలిపిన పురుషులే నూటికి 26 మంది!

కనుక తల్లిదండ్రులకు నా మనవి: అన్నకు ఒక పూట గిన్నెలు, చెల్లెలికి ఆ పూట పుస్తకం ఇవ్వండి. పని చెప్పేటప్పుడు తెలుగులోనే చెప్పండి. మిత్రులారా, బాలురకు ఇంట చేసిన ఒక పనిని గురించి ఐదు వాక్యాలు వ్రాయమని ఇచ్చి చూడండి. నా విద్యార్థి ఒకడు ఇట్లా వ్రాసినాడు: “గిన్నె అడుగంటింది. నీళ్ళు పోసి నానబెట్టమని చెల్లె చెప్పింది.” ‘అడుగంటు’, ‘నానబెట్టు’ అనే రెండు మాటలూ నేను వానికి నేర్పినవి కావు.