సందు మొదట్లో బెల్లు

హైదరాబాద్ రోడ్ల మీద సైకిళ్లు ఎక్కడున్నాయండీ అనేవాళ్లు పొద్దున్నే లేవనివాళ్లయి ఉంటారు. ఐదింటికి చూడండి. పేపరు కుర్రాళ్లు, పాల ప్యాకెట్ల వాళ్లు, క్యానుతో టీ అమ్మేవాళ్లు... వాళ్ల మధ్యే మూసాపేట నుంచి బయల్దేరే ఓ పెద్దాయన. పంజగుట్టలో అపార్ట్‌మెంటు వాచ్‌మన్. ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి. తొలి మెట్రో కదిలేదీ ఆరింటికే! అందుకే ఆయన ప్రయాణమూ మెట్రో దారిలోనే... కాకపోతే పైన కాదు, స్తంభాల కింద.

దూరం ఆరేడు కిలోమీటర్లు. ముందు భరత్‌నగర్ వంతెన. ఆ ఎత్తు కార్లో వాళ్లకి తెలియదు, మోకాళ్లకి తెలుస్తుంది. సగం దాకా లేచి నిలబడి తొక్కుతాడు. ఆపైన దిగి నెట్టుకుంటూ పోతాడు. దిగడం ఆయనకు నామోషీ కాదు. కానీ నెట్టుకుంటూ నడిచేవాడికి ఇంకాస్త చోటు కావాలి. ఆ చోటు ఎవరిస్తారు?

ఎడమ పక్కన పోవాలన్నది చిన్నప్పుడు నేర్చిన పాఠం. మ్యాన్‌హోల్ మూతలు, ఇసుక, గాజు పెంకులు, ఆగిన ఆటోలు ఉండేదీ ఆ ఎడమనే. స్టాపులో ఆగాల్సిన బస్సు కట్ కొట్టేదీ అటే. ఇక ‘ఫ్రీ లెఫ్ట్’ సంగతి చెప్పక్కర్లేదు. ఎడమకు తిరిగే బళ్లు ఆగవు, నేరుగా పోవాల్సిన సైకిల్ వాటి మధ్య ఇరుక్కుంటుంది. కుడికి జరిగితే హారన్లు. జరక్కపోతే తనకు పనిలేని సందులోకి పోవాల్సిందే.

ఆయన వెనక్కి తిరిగి చూడడు. తిరిగితే హ్యాండిల్ తిరుగుతుంది. చెవులతోనే చూస్తాడు. బస్సేదో, లారీ ఏదో, స్పీడు మీదున్న బైకేదో చప్పుడే చెబుతుంది. ఈమధ్య వచ్చిన బ్యాటరీ స్కూటర్లతోనే చిక్కు. పక్కకొచ్చేదాకా వినపడవు. చలికాలంలో మఫ్లర్ చుట్టుకోమని ఇల్లాలు పోరుతూనే ఉంటుంది. చుట్టుకోడు. ఎందుకో ఆమెకు చెప్పడు.

ఒకప్పుడు చీకట్లో దీపం లేకుండా సైకిల్ తొక్కితే పోలీసులు పట్టుకునేవారు, చక్రాల్లో గాలి తీసేవారు. ఇప్పుడు అడిగేవాళ్లే లేరు. మడ్‌గార్డుకి ఎర్ర రేడియం స్టిక్కరు ఆయనే అతికించుకున్నాడు. పంక్చరైతే మరీ కష్టం. ‘సైకిల్ చెయ్యం పెద్దాయనా’ అంటారు ట్యూబ్‌లెస్ టైర్ల షాపుల్లో.

నగరం సైకిల్‌ని మరిచిందనలేం. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల నీడ. చూడముచ్చటగా ఉంటుంది. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. కారుకి సైకిల్ కట్టుకెళ్లి మరీ తొక్కొచ్చు. మంచిదే, ఆరోగ్యం ఎవరికి చేదు? కానీ పంజగుట్టలో డ్యూటీ ఉన్నవాడికి అది దారి కాదు. కూడళ్ల దగ్గర పది సెకన్లు సైకిళ్లను ముందు వదిలితే ఆయనకు చాలు. దానికి సోలార్ పలకలు అక్కర్లేదు.

సాయంత్రం తిరుగు ప్రయాణం గంట పైమాటే. అమీర్‌పేట దాటేసరికి పొగకి కళ్లు మండుతాయి. మూసాపేటలో తన సందు మొదట్లో బెల్లు కొడతాడు. దారిలో ఎవరూ అడ్డం లేకపోయినా కొడతాడు. అది విన్నాకే ఇల్లాలు కంచం పెడుతుంది.